పొగ వెంట నడిచిన వార్డు

ఆ జిల్లా పెద్దాసుపత్రిలో మగవాళ్ళ ఎముకల వార్డుకు సలోమి సీనియర్ స్టాఫ్ నర్సు. డ్యూటీ మధ్యలో కూర్చుని టీ తాగిన సందర్భం ఒక్కటీ ఆమెకు గుర్తులేదు. తాగేది కానీ, నిలబడి తాగేది, అదీ చల్లారిపోయాక. ఎముకల వార్డులో పనికి ఒక స్వభావముంది. అక్కడి రోగి తినగలడు, తిట్టగలడు, ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో చెప్పగలడు. పక్కకు మాత్రం తిరగలేడు. అతణ్ణి తిప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

ఆ వార్డులో రెండో మనిషి అంకబాబు. మగ నర్సు కాబట్టి రోగులు అతన్ని బ్రదర్ అని పిలిచేవారు. మంచి పనివాడు. విరిగిన కాలిని అతను ఎత్తితే రోగి మూలగడు. సలోమి ఎత్తినా కాస్త మూలుగుతాడు. అయితే ఇదంతా అతను వార్డులో ఉన్నప్పటి మాట. అంకబాబుకు సిగరెట్టు కావాలి. ఒకటి కాల్చి వచ్చి, ఒకరి దుప్పటి మార్చి, ఇంకొకరి సెలైన్ చూసి, "ఇప్పుడే వస్తా అక్కా" అని మళ్ళీ వెళ్ళేవాడు. ఆసుపత్రి ఆవరణలో పొగ తాగరాదని ప్రతి స్తంభం మీదా బోర్డు ఉంది. అంకబాబు నియమాలను గౌరవించేవాడు. అందుకని గేటు దాటి, పెద్ద రోడ్డు దాటి, కోటేశ్వరమ్మ బడ్డీకొట్టు దాకా పోయి కాల్చుకుని వచ్చేవాడు. నియమం లేకపోతే వరండాలోనే కాల్చుకుని చప్పున వచ్చేవాడేమోనని సలోమికి అప్పుడప్పుడు అనిపించేది.

సలోమి అతనికి నెమ్మదిగానే చెప్పి చూసింది. మానమని అనలేదు. మంచాల పని అయ్యాక, తను చెప్పినప్పుడు వెళ్ళమంది. అంకబాబు తల వంచుకుని విన్నాడు, తప్పు తనదేనన్నాడు, చాలా సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గుతో అక్కడ నిలబడలేక రోడ్డు దాటి వెళ్ళాడు.

అలా అతను రోడ్డుకు అవతల ఉన్న ఒక పూట పేరయ్య మంచం మీంచి కిందకి జారాడు. పేరయ్య లారీ డ్రైవరు. తొడ ఎముక విరిగి, కాలికి తాడుతో బరువులు కట్టించుకుని పడుకున్నవాడు. మనిషి కిందకు జారే కొద్దీ బరువులు నేలకు ఆనుతున్నాయి. నేలకు ఆనిన బరువు కాలిని లాగదు. "సిస్టరమ్మా, లోడు దిగిపోతాంది" అని అతను కేక పెట్టాడు. సలోమి వెళ్ళి అతని చంకల కింద చేతులు వేసి పట్టుకుంది. పైకి లాగే బలం లేదు, వదిలే వీలు లేదు. మిగతా రోగులు పడుకున్నచోటి నుంచే రకరకాల సలహాలిచ్చారు. చివరికి గేటు దగ్గరి వాచ్‌మన్ ఆయాసపడుతూ వచ్చి చెయ్యేశాడు. అతని దగ్గర కూడా సిగరెట్టు వాసనే.

ఆ సాయంత్రం సలోమి నడుం పట్టుకుని సూపరింటెండెంట్ గదికి వెళ్ళింది.

సూపరింటెండెంట్ డాక్టర్ గరుడాచలం గారు అప్పుడే ఒక కొండ మీది చల్లని ఊళ్ళో శిక్షణ ముగించుకుని వచ్చారు. రోగిని కేంద్ర బిందువుగా ఉంచడమెలా అన్నది ఆ శిక్షణ సారాంశం. వచ్చినప్పటి నుంచి ఆయన రోగిని ఎక్కడ ఉంచుదామా అని వెతుకుతున్నారు. సలోమి చెప్పిందంతా కళ్ళు మూసుకుని విని, ఇది ఫిర్యాదు కాదనీ, సంస్థకు లభించిన ఒక సదవకాశమనీ అన్నారు. తనూ, పరిపాలనాధికారి పద్మనాభం గారూ కలిసి ఒక కమిటీగా ఏర్పడ్డారు. సలోమిని కూడా పిలిచారు, కానీ కుర్చీ వెయ్యలేదు.

తనకు కావాల్సింది రెండిట్లో ఒకటని సలోమి చెప్పింది. వార్డుకు ఇంకో మనిషినైనా ఇవ్వండి, లేదా అంకబాబును నేను చెప్పిన వేళకే వెళ్ళమనండి. పద్మనాభం గారు రెండిటికీ తల అడ్డంగా ఊపారు. ఇంకో మనిషంటే కొత్త పోస్టు. కొత్త పోస్టంటే ఆర్థిక శాఖ. ఆ దారిన వెళ్ళిన ఫైలు తిరిగి రావడం తన సర్వీసులో ఆయన చూడలేదు. ఇక వేళ పెట్టడమంటారా, విరామం ఉద్యోగి హక్కు. హక్కుకు వేళ పెడితే కోర్టు.

"నీ అభ్యంతరం పొగ మీదా?" అని ఆయన అడిగారు.

"కాదండి."

"విరామం మీదా?"

"కాదండి. అతను అటు పోయినప్పుడు రోగులు ఇక్కడ ఒంటరిగా ఉంటన్నారు. అదీ నా బాధ."

పద్మనాభం గారు సూపరింటెండెంట్ గారి వైపు చూశారు. ఇద్దరి ముఖాల్లోనూ ఒకేసారి వెలుగు వచ్చింది. అంటే సమస్య పొగా కాదు, విరామమూ కాదు. నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడుతున్న దూరం. ఆ దూరాన్ని తొలగిస్తే సరిపోతుంది.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. "విరామ సమయమందు సైతము రోగికి అవిచ్ఛిన్న సేవలు అందించు సదుద్దేశముతో, నర్సు ఎచ్చట నుండునో, ఆ నర్సుకు కేటాయింపబడిన రోగులును అచ్చటనే ఉండవలెను" అని అందులో ఉంది. సలోమి దాన్ని రెండోసారి చదివి, పరుగున వెళ్ళి, కాళ్ళు వేలాడదీసి ఉన్నవాళ్ళు ఎలా వెళ్తారని అడిగింది. మంచాలకు చక్రాలు ఉన్నాయి కదా, అవి దేనికనుకున్నావని పద్మనాభం గారు ఆమెనే ఎదురడిగారు.

కిటికీ వైపు వరుసను అంకబాబుకు కేటాయించారు. పేరయ్య ఆ వరుసలోవాడే. అతని పక్క మంచం విశ్వపతి మాస్టారిది. రిటైరైన హెడ్మాస్టరు, తుంటి ఎముక విరిగినా చొక్కా గుండీలు అన్నీ పెట్టుకునే మనిషి. మొదటిరోజు అంకబాబు సిగరెట్టుకు లేచినప్పుడు రోగుల బంధువులు లేచి మంచాలు తోశారు. బరువులు ఊగుతుండగా, సెలైన్ సీసాలు ఒకదానికొకటి తగులుతుండగా ఆ వరుస మొత్తం గేటు దాటింది. పెద్ద రోడ్డు మీద బస్సులు ఆగిపోయాయి. ట్రాఫిక్ హోంగార్డు ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు. పేరయ్య మాత్రం మంచం మీద మోచేతులాన్చి లేచి, చాలాకాలం తర్వాత రోడ్డెక్కిన ఆనందంతో, అందరికీ దారి చెప్పాడు. "రానీ, రానీ... ఎడమ కొట్టు. మాస్టారి బండిని ముందుకి పోనీ, నేను ఎనకమాల వస్తా" అని అతను చెయ్యి ఊపుతుంటే బస్సు డ్రైవర్లు కూడా మాట విన్నారు.

కోటేశ్వరమ్మ కొట్టు ముందు మంచాలు వరుసగా నిలబడ్డాయి. అంకబాబు సిగరెట్టు నోట్లో పెట్టుకున్నాడు. వరుసంతా అతని వైపు చూస్తోంది. ముఖ్యంగా మాస్టారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు, అంతే. అంకబాబు సగం కూడా కాల్చకుండా పారేశాడు. సగమే కాల్చాడు కాబట్టి మళ్ళీ తొందరగా కావాల్సి వచ్చింది. మంచాలు మళ్ళీ రోడ్డు దాటాయి.

రోగులకు ఇది ఎంత నచ్చిందో చెప్పలేం. నెలల తరబడి పైకప్పు తప్ప వేరే చూడనివాళ్ళు ఎండ చూశారు, బస్సులు చూశారు, వేడి టీ తాగారు. గోడ వైపు వరుసలో ఉన్న సలోమి రోగులు ఇది చూసి, తమను కూడా బ్రదర్‌కే కేటాయించమని అర్జీ పెట్టుకున్నారు. రోగి అభీష్టమే శిరోధార్యమని గరుడాచలం గారు వెంటనే ఒప్పుకున్నారు. రోగులు నీ మీద ఎందుకు విముఖత చూపుతున్నారో సంజాయిషీ ఇవ్వమని సలోమికి మెమో వచ్చింది. ఆమెను అంకబాబుకు విరామ సహాయకురాలిగా వేశారు. ఇంతకాలం అతను లేనప్పుడు అతని పని చేసింది. ఇప్పుడు మందుల ట్రే పట్టుకుని అతని సిగరెట్టు వెనకాల నడుస్తోంది. ఆ రాత్రి ఇంటికి పోయి, తను నోరు తెరవకుండా ఉంటే పేరయ్య ఒక్కడే జారేవాడు కదా, ఇప్పుడు వార్డు మొత్తం జారింది అనుకుని చాలాసేపు దిగులుపడింది.

ఇలా ఉండగా పొగాకు నియంత్రణ అధికారి ఒకాయన ఊళ్ళోకి వచ్చాడు. కుర్రవాడు, చట్టం అంటే ప్రాణం. కొట్టు ముందు నిలబడి సలోమిని కొన్ని ప్రశ్నలు అడిగాడు. వీళ్ళు రోగులేనా? అవును. ఇక్కడ వీళ్ళకు మందులు ఇస్తున్నారా? ఇస్తున్నాం. అయితే ఇది ఆసుపత్రి అన్నాడు. ఆసుపత్రి ఆవరణలో పొగ తాగినందుకు అంకబాబుకు జరిమానా వేశాడు. కొట్టు మీద పొగ తాగరాదనే నీలం బోర్డు కొట్టించి, సిగరెట్లన్నీ తీయించి, అరటిపళ్ళు అమ్ముకోమన్నాడు. నా కొట్టు ముందుకి మంచాల్ని నేను రమ్మన్నానా అని కోటేశ్వరమ్మ అరిచిన అరుపుకు సమాధానం ఏ చట్టంలోనూ లేదు.

గరుడాచలం గారు మాత్రం పొంగిపోయారు. గజం భూమి సేకరించకుండా ఆసుపత్రి రోడ్డుకు అవతల వరకూ విస్తరించింది. పద్మనాభం గారు గోడ మీది పటంలో కోటేశ్వరమ్మ కొట్టు చుట్టూ ఎర్ర గీత గీశారు.

కొట్టు ఆసుపత్రి అయిపోయింది కాబట్టి అంకబాబు సినిమా హాలు సైకిల్ స్టాండుకు వెళ్ళాడు. రోగులు అక్కడికి వచ్చారు. వాళ్ళు వచ్చారు కాబట్టి అది ఆసుపత్రి అయింది, బోర్డు పడింది. బస్టాండు వెనక్కి వెళ్ళాడు. అదీ ఆసుపత్రే అయింది. రైసు మిల్లు గోడ, చేపల మార్కెట్టు, గడ్డి వాముల సందు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి వైద్య ఆరోగ్య శాఖలో కలిసిపోయాయి. పొగతాగేవాళ్ళకు ఊళ్ళో నిలువనీడ లేకుండా పోయింది. చక్రాల కిచకిచ వినపడగానే "మంచాలొస్తన్నయ్" అని ఒకరు కేక వేసేవారు, అందరూ బీడీలు పారేసి పారిపోయేవారు. చివరికి పెద్దమనుషులు కొందరు అంకబాబు ఇంటికి వచ్చి, చేతులు పట్టుకుని, "బాబూ, నువ్వొక్కడివి మానెయ్. నీ పుణ్యాన మేమంతా తాగుతాం" అని బతిమాలారు.

అంకబాబు మానలేకపోయాడు. ఊరు దాటి, పొలాలు దాటి, సాగర్ కాలవ గట్టుకు వెళ్ళాడు. అక్కడికి మంచాలు చేరాలంటే పొద్దున ఫలహారాలయ్యాక బయలుదేరాలి. తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. అంటే రోజుకు ఒక్కటే విరామం. గరుడాచలం గారు సిబ్బందినంతా సమావేశపరచి, ఇంతకుముందు లెక్క చెప్పలేనన్ని సార్లు జరిగే పొగ విరామాలను ఈ యాజమాన్యం కేవలం ఒక్కటికి తగ్గించిందని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. సలోమి చేతుల్లో మందుల ట్రే ఉండటం వల్ల కొట్టలేకపోయింది.

కాలవ గట్టు మీద రేకుల షెడ్డు వేశారు. పెద్దవాళ్ళెవరో వచ్చి శంకుస్థాపన చేశారు. ఎముకల డాక్టరు స్కూటరు మీద వచ్చి రోగుల్ని చూసి, దారిలో కూరగాయలు కొనుక్కుని పోయేవాడు. ఆసుపత్రిలోని అసలు హాలు ఖాళీగా ఉంది. తుడిచేవాళ్ళు అలవాటు కొద్దీ తుడిచి పోతున్నారు.

ఒకరోజు మధ్యాహ్నం గాలి లేచింది. గట్టు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి మంచాల చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టేవారు. ఒక రోగి బావమరిది అన్నం వండుకోవడానికి పొయ్యి కోసం వెతికి, మాస్టారి మంచం కింది ఇటుకలు బాగున్నాయని తీసుకున్నాడు. మంచం ముందు చిన్నగా కదిలింది. తర్వాత దాని దారి అది చూసుకుంది. సలోమి ట్రే పడేసి వెంట పరుగెత్తింది. మాస్టారు మంచం అంచులు రెండు చేతులతో పట్టుకుని, అరవకుండా, కాలవ వైపు వెళ్తున్నారు.

అంకబాబు దూరంగా తుమ్మచెట్టు వెనక, మాస్టారి కళ్ళజోడు అందనంత దూరంలో, అప్పుడే సిగరెట్టు ముట్టించాడు. చూశాడు. అక్కణ్ణుంచి పరుగెత్తి వచ్చి, మంచం నీళ్ళలో పడే క్షణంలో దాని ముందు దూకాడు. నీళ్ళు నడుం లోతున ఉన్నాయి. మంచానికి భుజం ఆన్చి, తుంటి కదలకుండా రెండు చేతులతో మాస్టారిని పొదివి పట్టుకున్నాడు. వెనకే సలోమి దిగి ఇంకో పక్క పట్టుకుంది. బంధువులు తాళ్ళు తెచ్చేవరకూ ఇద్దరూ ప్రవాహానికి ఎదురుగా అలాగే నిలబడ్డారు. పని తెలిసిన ఇద్దరు మనుషులు ఒక రోగికి రెండు పక్కలా నిలబడి చాలా రోజులైందని ఆ నీళ్ళలో సలోమికి తోచింది.

మాస్టారు ఛాతీ వరకూ నీళ్ళలో కూర్చుని అంకబాబు ముఖం చూశారు.

"నాయనా, నీ సిగరెట్టు ఆరిపోయింది" అన్నారు.

నిజమే. అది ఇంకా అతని పెదాల మధ్యనే ఉంది, తడిసి వేలాడుతోంది. అంకబాబుకు దాన్ని తీసేయడానికి చెయ్యి ఖాళీ లేదు. ఉమ్మేశాడు. అది కాలవలో కొట్టుకుపోయింది.

మాస్టారి తుంటికి ఏమీ కాలేదని డాక్టరు చూసి చెప్పాక, గట్టు మీద బట్టలు పిండుకుంటూ అంకబాబు ఆమెతో అన్నాడు:

"ఇంక తాగనక్కా. బుద్ధొచ్చి కాదు. ఒక్క దమ్ము కోసం ఇంత సంసారాన్ని ఎంటేసుకుని తిరగటం నా వల్ల కావట్లా. ఒంటరిగా నిలబడదామనే గదా నేను మొదట్లో బయటికి పోయింది."

సలోమికి అతని మీద ఇన్నాళ్ళూ ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఒంటరిగా నిలబడాలని తనకూ ఎన్నిసార్లు అనిపించిందో లెక్కలేదు. తనకు సిగరెట్టు అనే వంక లేదు, అంతే తేడా. "రేపట్నుంచి హాల్లోనే ఉందాం. నువ్వు కాసేపు వరండాలో నిలబడు, తర్వాత నేను నిలబడతా" అంది.

నాలుగు రోజులు అంకబాబు చిరాకుపడ్డాడు, సోంపు నమిలాడు. కానీ మానాడు. సలోమి ఈ శుభవార్త మోసుకుని సూపరింటెండెంట్ గదికి వెళ్ళింది. గరుడాచలం గారు మెచ్చుకుంటారనుకుంది. ఆయన ముఖం పాలిపోయింది.

"ఎవరి అనుమతితో మానాడు?" అన్నారు.

పద్మనాభం గారు వివరించారు. కాలవ గట్టు వార్డు మంజూరైంది. దానికి షెడ్డు ఉంది, శిలాఫలకం ఉంది, జనరేటరు ఉంది. వచ్చే వారం రాష్ట్ర నాణ్యతా బృందం దాన్ని చూడటానికే వస్తోంది. అంకబాబు పొగ మానితే విరామం ఉండదు. విరామం లేకపోతే రోగులు అక్కడ ఉండటానికి ఆధారం ఉండదు. ఆధారం లేని వార్డుకు శంకుస్థాపన ఎందుకు జరిగిందని ఆడిట్ వాళ్ళు అడుగుతారు. కాబట్టి పొగ విరామం ఇప్పుడు హక్కు కాదు, విధి. ముందస్తు అనుమతి లేకుండా విధుల నుండి వైదొలిగినందుకు అంకబాబుకు మెమో ఇచ్చారు. అతను దాన్ని తీసుకుని, ఏం చేసినా తాగను సార్ అని చెప్పి, వెళ్ళి ఒక రోగికి గడ్డం గీశాడు.

నిబంధన ప్రకారం విధి నిర్వర్తించేవాడు లేనప్పుడు ఆ బాధ్యత ఆ వార్డులోని సీనియర్ మీద పడుతుంది. సలోమిని ధూమపాన విధులకు ఇన్‌ఛార్జిగా నియమిస్తూ కాగితం ఆమె చేతిలో పెట్టారు. తాను క్రైస్తవురాలిననీ, ఇద్దరు ఆడపిల్లల తల్లిననీ, జీవితంలో సిగరెట్టు ముట్టలేదనీ ఆమె చెప్పుకుంది.

"తాగమని నిన్నెవరన్నారమ్మా," అని గరుడాచలం గారు ఓదార్చారు. "గట్టు మీద విరామ స్థితిలో ఉండు. మిగతాది వ్యవస్థ చూసుకుంటుంది."

సలోమి ఆ కాగితం పట్టుకుని బయటికి వచ్చింది. వరండాలో అంకబాబు నిలబడి ఉన్నాడు. ఇంతకాలం పైవాళ్ళకు చెప్పడమే పొరపాటని ఆమెకు అప్పుడు తట్టింది. చెప్పినప్పుడల్లా వార్డు కాస్త దూరం జరిగింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మంచాలను గట్టుకు తియ్యలేదు. అంతే చేసింది. పేరయ్య ఒక్కడే కాస్త చిన్నబోయాడు. అతని మంచాన్ని ఇద్దరూ కిటికీకి ఆనేలా జరిపారు. అక్కడి నుంచి రోడ్డు కనపడుతుంది, వచ్చేపోయే లారీలకు పేర్లు పెట్టుకోవచ్చు.

సూపరింటెండెంట్ గదిలో ఉన్నవాళ్ళు హాల్లోకి తొంగిచూడరు కాబట్టి ఆ వారం హాయిగా గడిచింది. వేళకు అందరి పక్కలూ మారాయి, అందరి వీపులూ తుడిచారు. గరుడాచలం గారు, పద్మనాభం గారు నాణ్యతా బృందం కోసం కుండీలు కొనడంలో మునిగి ఉన్నారు.

బృందం వచ్చింది. నలుగురు పెద్దలు కార్లలో సరాసరి గట్టు మీదికి వెళ్ళారు. గరుడాచలం గారు ఖాళీ షెడ్డు చూసి నోట మాట రాక నిలబడిపోయారు. బృందం వాళ్ళు మాత్రం చాలా జాగ్రత్తగా పరిశీలించారు. పొగ వాసన లేదు. నేల మీద మరక లేదు. పుండ్లు పడిన రోగి ఒక్కడూ లేడు. ఫిర్యాదు చేసినవాడూ లేడు. ఇంత పరిశుభ్రమైన వార్డును తమ అనుభవంలో చూడలేదని వాళ్ళ నాయకుడు అన్నాడు. తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, రోగులు ఎక్కడున్నారని అడిగాడు.

ధూమపాన విధుల ఇన్‌ఛార్జి కాబట్టి సలోమిని కూడా గట్టు మీదికి పిలిపించారు, అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమెకు అబద్ధం ఆడటం రాదు. నిజం చెప్పే ధైర్యం ఆ క్షణానికి లేదు. ఇన్నాళ్ళూ ఆ గదుల్లో నిలబడి విన్న భాష మాత్రం నాలుక మీదికి దానంతట అదే వచ్చింది.

"రోగులు విరామంలో ఉన్నారు సార్" అంది.

నాయకుడు మెల్లగా తల ఊపాడు. నర్సుకు విరామం ఉన్నప్పుడు రోగికి ఎందుకు ఉండకూడదు, ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్న ఎవరికీ ఎందుకు తట్టలేదు అని తన సహచరులను అడిగాడు. వాళ్ళకూ తెలియలేదు. రోగులు విరామం ఎక్కడ తీసుకుంటారని అడిగితే, ఆసుపత్రి పాత హాల్లో, మంచాల మీద పడుకుని అని సలోమి చెప్పింది. ఇది విప్లవాత్మకం అని ఆయన రాసుకున్నాడు. గరుడాచలం గారికి అప్పటికి మాట వచ్చింది. ఈ ఆలోచన తనకు కొండ మీది శిక్షణలోనే కలిగిందని చెప్పారు.

ఆసుపత్రికి రాష్ట్రంలో మొదటి స్థానం వచ్చింది. దాంతో కొత్త ఉత్తర్వు కూడా వచ్చింది. నర్సుల విధి స్థానం కాలవ గట్టు. పాత హాలు విరామ మందిరం. విధుల్లో ఉన్నవాళ్ళు మందిరంలో కనిపిస్తే క్రమశిక్షణా చర్య తీసుకుంటారు. సలోమి, అంకబాబు ఆ ఉత్తర్వును వరండాలో నిలబడి చదువుకున్నారు. రోగులు హాల్లో ఉన్నారు. తమ డ్యూటీ గట్టు మీద ఉంది. హాల్లోకి పోవాలంటే ఒకే దారి.

"మనకి విరామం హక్కేగా అక్కా" అన్నాడు అంకబాబు.

అప్పటి నుంచి వాళ్ళిద్దరూ పొద్దున గట్టుకు పోయి, ఖాళీ షెడ్డులో హాజరు వేయించుకుని, ఆటోలో వెనక్కి వచ్చి, రోజంతా విరామం తీసుకోసాగారు. విరామంలో సెలైన్లు పెట్టారు, సూదులు వేశారు, కట్లు మార్చారు. ఎముకల డాక్టరు కూడా తన విరామం అక్కడే గడపడం మొదలుపెట్టాడు. మాస్టారు కోలుకుని, గుండీలన్నీ పెట్టుకుని, కర్ర పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

పేరయ్య కాలికి బరువులు తీసేసిన రోజు వచ్చింది. ఎముక అతికింది. సలోమి ఒక పక్క, అంకబాబు ఒక పక్క భుజాలు పట్టి అతణ్ణి లేపి నిలబెట్టారు. లారీలు తోలిన మనిషి నేలను నమ్మలేనట్టు చూశాడు. మెల్లగా పోనీ అని అంకబాబు చెవిలో చెప్పాడు. పేరయ్య ఒక అడుగు వేశాడు. చెమటలు పట్టాయి. రెండో అడుగుకు కాలు ఎత్తాడు.

సరిగ్గా అప్పుడు గరుడాచలం గారు వరండాలో అటుగా పోతూ లోపలికి చూశారు. ఆయన ముఖం బాధతో ముడుచుకుంది. గుమ్మంలో ఆగి, చాలా ప్రేమగా, "విరామంలో పని చెయ్యకూడదమ్మా సలోమీ. అది మీ హక్కు. దాన్ని మీరే కాలరాసుకుంటే ఎలా?" అన్నారు.

"చెయ్యం సార్" అంది సలోమి.

ఆయన నిలబడి చూస్తున్నారు. ముగ్గురూ కదలలేదు. పేరయ్య కాలు ఎత్తినది ఎత్తినట్టే గాలిలో ఉంచి, ఊపిరి బిగబట్టి, ఇద్దరి భుజాలూ గట్టిగా పట్టుకున్నాడు. గరుడాచలం గారు తృప్తిగా తల పంకించి ముందుకు సాగారు. ఆయన బూట్ల చప్పుడు వరండా చివరి దాకా పోయి, మెట్ల మలుపు దగ్గర ఆగిపోయింది.

"ఇప్పుడు దించు" అంది సలోమి.

పేరయ్య రెండో అడుగు వేశాడు.